వేలూరు లాడ్జిలో గంగమ్మ వైఫై

ఇందులో రాసిన మాటలన్నీ ఇదివరకే నోటితో చెప్పాను. మా కంపెనీ మేనేజరుకు చెప్పాను. లాడ్జి ఓనర్లకు చెప్పాను. మా వీధి పెద్దలకు చెప్పాను. ఇంట్లో వాళ్ళకైతే కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ చెప్పాను. అందరూ తల ఊపారు. తల ఊపడం వేరు, వినడం వేరు అని నాకు నేర్పింది ఈ ఉద్యోగమే. నేను రిటైరైన రోజు నన్ను పొగడడానికి మైకు పట్టుకున్న మేనేజరు వరదరాజులు అనే నా పేరును వరదరాజన్ అని చదివాడు. ఇచ్చిన జ్ఞాపిక మీద కూడా అలాగే చెక్కించారు. దాన్ని పారేయలేదు. టీవీ పక్కనే పెట్టుకున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు "ఇదెవరిది?" అని అడిగితే మొదటినుంచీ చెబుతాను.

లాడ్జీల్లో, కల్యాణ మండపాల్లో, బస్టాండుల్లో వైఫై పెట్టే పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నావని మా అబ్బాయే అడిగాడు. మా గుడియాత్తం తమిళనాడులో ఉంది కాబట్టి, మగ్గాల వీధుల్లో మాట్లాడేది తెలుగే అయినా, చదవగలిగినవాళ్ళు తక్కువ. మా నాయన పట్టుబట్టి నాకు అక్షరాలు నేర్పాడు కాబట్టి రాయగలుగుతున్నాను. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి. అది కూడా మీ పనిలో భాగమే అనుకోండి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. నా కోపమంతా మనుషుల మీదే, ఉద్యోగం మీద కాదు. నిచ్చెనెక్కి, పైకప్పులో బల్లుల్ని తోలి, వైరు బిగించి కిందికి దిగగానే నలుగురి ఫోన్లు ఒకేసారి టింగుమనేవి. ఆ చప్పుడు నాకు చివరి రోజు దాకా ఇష్టంగానే ఉండేది. మళ్ళీ పుట్టినా ఇదే పని చేస్తాను. మేనేజరు మాత్రం వేరేవాడు కావాలి.

ఎవరికోసం పెడుతున్నాం

వేలూరు ఆస్పత్రి వీధుల్లో లాడ్జి పక్కన లాడ్జి ఉంటుంది. చిత్తూరు, కడప, నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు, అంతకంటే ఎంతో దూరం నుంచి, మనకు తెలియని భాషలు మాట్లాడేవాళ్ళు, అందరూ అక్కడే దిగుతారు. కౌంటరు దగ్గర వాళ్ళు అడిగేవి రెండే. వేడినీళ్ళు వస్తాయా? వైఫై వస్తుందా?

సినిమాలు చూడడానికే అడుగుతున్నారని మా మేనేజరు అనుకునేవాడు. నేను చూసింది వేరు. ఒకామె ఫోను అడ్డంగా పట్టుకుని, మంచం మీదున్న భర్తను ఊళ్ళో ఉన్న పిల్లలకు చూపిస్తూ ఉండేది. ఒకాయన డాక్టరిచ్చిన రిపోర్టు ఫొటో తీసి ఇంకో ఊళ్ళో ఉన్న డాక్టరుకు పంపుతూ ఉండేవాడు. ఒక ముసలాయన బ్యాంకు యాప్ తెరిచి, కళ్ళద్దాలు మరిచిపోయి, "కొంచెం ఈ నంబరు చూసి చెప్పు నాయనా" అని పక్కవాడిని అడిగేవాడు. ఆ పక్కవాడు ఎవరో ఆయనకు తెలియదు.

భయంలో ఉన్న మనిషి చేతిలోని ఫోనులో అతని సంసారమంతా ఉంటుంది. అలాంటివాళ్ళు వందమంది ఒకే కప్పు కింద, ఒకే వైఫైలో ఉంటారు. మనం పెట్టేది అది. దాన్ని తేలిగ్గా తీసుకునేవాడు ఈ పనిలోకి రాకూడదు.

టీవీలో పెళ్ళి డాన్సు

కొత్తగా చేరినప్పుడు నాకు బుద్ధి చెప్పిన సంగతి ఇది. ఒక లాడ్జిలో మాకంటే ముందు ఎవరో వైఫై పెట్టి వెళ్ళారు. దాన్ని సరిచూడడానికి వెళ్ళి నేను కింద కౌంటరు దగ్గర ఉన్నాను. రెండో అంతస్తులో, ఆపరేషనై వచ్చిన ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. చుట్టూ బంధువులు మాట లేకుండా కూర్చుని ఉన్నారు. ఉన్నట్టుండి ఆ గది టీవీ తనంతట తాను వెలిగి, ఎవరిదో పెళ్ళి ఊరేగింపు మొదలైంది. బ్యాండు, పూలదండలు, దాంట్లో లావుపాటి మామగారు ఒకాయన నడుం తిప్పుతూ డాన్సు.

జరిగిందేమిటంటే, పై అంతస్తులో ఒక కుర్రాడు తన అన్న పెళ్ళి వీడియోను తన గది టీవీలో వేసుకుందామనుకుని ఫోనులో కింది గది టీవీని నొక్కాడు. ఆ వైఫైలో అందరి ఫోన్లకూ అన్ని గదుల టీవీలూ కనిపిస్తున్నాయి.

ఫిర్యాదు చేయడానికి పెద్దాయన కూతురు కిందికి వస్తోందని నేను అనుకున్నాను. ఆమె ఓనరు దగ్గరికి వచ్చి, "అప్పా, ఆ డాన్సు ఇంకొంచేపు రానీండప్పా. మా నాయన నవ్వినాడు. వచ్చినప్పట్నించీ నవ్వలేదు" అంది.

ఓనరు నా వైపు తిరిగి, "చూసినావా? జనాలు సంతోషంగా ఉండారు. సుమ్మా ఉండు, దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఇవాళ టీవీలోకి పెళ్ళి వచ్చింది, రేపు ఒకరి ఫోనులోని ఫొటోలు ఇంకొకరికి కనిపిస్తాయి అన్నాను. ఓనరు మా మేనేజరుకు ఫోను చేశాడు. మేనేజరు నాతో అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పెండ్లి డాన్సులో కూడా నీకు దొంగే కనపడతాడా వరదా?"

ఓనరు భోజనానికి వెళ్ళినప్పుడు నేను ఆ పని చేసేశాను. ఒకే వైఫైలో ఉన్నా ఏ ఫోనుకూ ఇంకో ఫోను, ఇంకో టీవీ కనిపించకుండా విడదీసే ఏర్పాటు ఉంటుంది. మీకు అది మొదటి వారంలోనే నేర్పుతారు. నేర్పినా చాలామంది చేయరు, ఎందుకంటే చేసినట్టు ఎవరికీ కనిపించదు, ఎవరూ మెచ్చుకోరు. మీరు చేయండి. మెచ్చుకోలు కోసం కాచుకుంటే నాలాగే కూర్చుంటారు.

పెద్దాయనకు ఆ వీడియో కావాలని పై గది కుర్రాడే కిందికి దిగి వచ్చి, తన ఫోనులో చూపించి వెళ్ళాడని తరువాత తెలిసింది. అదీ పద్ధతి.

పళ్ళికొండ హోటలమ్మ

నా మాట విన్న కస్టమరు ఒక్కరైనా ఉన్నారా అని అడిగితే, ఉన్నారు. పళ్ళికొండలో హైవే పక్కన ఇడ్లీ, భోజనం పెట్టే హోటలు నడిపే ఒకామె. బెంగుళూరు బస్సులు అక్కడ ఆగుతాయి. బస్సు దిగినవాడు చెయ్యి కడుక్కోకముందే వైఫై అడుగుతాడు.

ఒకరి ఫోను ఇంకొకరికి కనిపించకుండా విడదీయాలి, పాస్‌వర్డు తరచుగా మార్చాలి, మీ వైఫై పేరేమిటో కౌంటరు దగ్గర రాసి పెట్టాలి అని నేను చెబుతూ ఉంటే, ఆమె నన్ను సగంలో ఆపింది.

"ఎవురి ఆకు వాళ్ళదే కదప్పా. పక్కోడి ఆకులో చెయ్యి పెట్టనిస్తానా నా హోటల్లో? నువ్వు ఏం చెయ్యాల్నో చెయ్యి. తిని పో."

అంతే. అరగంటలో పని అయింది, పెసరట్టు కూడా తిన్నాను. నేను నా ఉద్యోగంలో ఎన్నో మీటింగుల్లో బొమ్మలు గీసి చెప్పాను. ఇంతకంటే బాగా ఎవరికీ చెప్పలేకపోయాను. మీరు కస్టమరుకు చెప్పాల్సి వస్తే, ఆకు సంగతే చెప్పండి.

ఎనిమిది అక్షరాలు

ఇక అసలు విషయానికి వస్తాను. మా వీధిలో వైఫై మొదట పెట్టించుకున్నది మునిరత్నం మామ. మా అమ్మకు పెదనాన్న కొడుకు, మా వాళ్ళ కల్యాణ మండపానికి సెక్రటరీ. వైఫైకి ఏ పేరు పెట్టాలని బిగించడానికి వచ్చిన కుర్రాడు అడిగితే, ఆయన క్షణం ఆలోచించకుండా గంగమ్మ అన్నాడు. ఇంటికి, మగ్గానికి, ఆటోకు పెట్టే పేరే వైఫైకీ పెట్టాడు. పాస్‌వర్డుకు కనీసం ఎనిమిది అక్షరాలు కావాలన్నారు. ఇంగ్లీషులో గంగమ్మ పేరు రాసి లెక్కపెడితే సరిగ్గా ఎనిమిది.

"చూసినావా? అమ్మే లెక్క సరిచేసినాది" అన్నాడు మామ. పేరూ గంగమ్మే, పాస్‌వర్డూ గంగమ్మే.

తరువాత పక్కింటివాళ్ళు పెట్టించుకున్నారు. వాళ్ళూ అదే పేరు, అదే పాస్‌వర్డు. ఆ పై ఇల్లు, ఆ వెనక వీధి, అందరూ అంతే. బద్ధకం వల్ల అని మీరు అనుకుంటారు. కాదు. మా వీధుల్లో గడప తొక్కినవాడిని మంచినీళ్ళు అడిగేదాకా ఉంచరు, ముందే ఇస్తారు. వచ్చిన చుట్టం పాస్‌వర్డు అడగాల్సి రావడం, వీళ్ళు చెప్పాల్సి రావడం రెండూ నామోషీ. నేను ఇది మంచిది కాదని అన్నప్పుడు మామ నాతో అన్నదీ అదే.

"ఏంరా వరదా, మనింటికొచ్చిన అల్లుడు పాస్‌వర్డు కోసరం చెయ్యి చాపుకోని నిలబడాల్నా? ఏ ఇంట్లో అడుగు పెట్టినా ఫోను తనకు తానే పట్టుకోవాల. అది మర్యాద."

నేను మర్యాదను తప్పుపట్టడం లేదు. అంత మర్యాద ఉన్న వీధిలో పుట్టినందుకు సంతోషమే. కానీ మామ అక్కడితో ఆగలేదు. మండపంలో కూడా అదే పెట్టించి, భోజనాల హాల్లో చేతులు కడుక్కునే చోట, గోడ మీద నీలం రంగుతో పేరూ పాస్‌వర్డూ రెండూ పెద్దక్షరాలతో రాయించాడు.

"మామా, ఊరందరికీ ఒకే తాళంచెవి పెట్టి, దాని బొమ్మ గోడ మీద వేసినట్టుండాది" అన్నాను ఒక పెళ్ళి పంక్తిలో.

"దొంగలుంటే కదరా తాళం? మన పెండ్లికి వచ్చేది మనోళ్ళే."

పక్కనే నిలబడ్డ ఒకడు, "కరెంటు తీగలు పట్టుకోని పట్టుకోని వరదన్నకు అనుమానం షాకు కొట్టినాది" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. ఆ రోజు పాయసం రెండోసారి వచ్చినప్పుడు నా ఆకు దాటి వెళ్ళింది. పొరపాటున దాటి ఉండొచ్చు. నేను అలా అనుకోను.

ఇందులో ప్రమాదం ఏమిటో కొత్తవాళ్ళకు చెబుతాను. ఫోనుకు ఊరు తెలియదు. ఒకసారి కలిసిన వైఫై పేరు, పాస్‌వర్డు దానికి గుర్తుంటాయి. ఆ రెండూ సరిపోతే చాలు, అది గుడియాత్తమా, ఆలంగాయమా, అరక్కోణం ప్లాట్‌ఫారమా అని చూడదు. మనల్ని అడగకుండానే అతుక్కుంటుంది. కాబట్టి మా వాళ్ళ ఫోన్లను పట్టుకోవాలనుకునే మోసగాడు ఒక చిన్న పెట్టెకు గంగమ్మ అని పేరు పెట్టి, ఆ పాస్‌వర్డే పెట్టి, సంచిలో వేసుకుని ఎక్కడ కూర్చున్నా చాలు. మా వాళ్ళ ఫోన్లు నడిచి వచ్చి అతని ఒళ్ళో వాలతాయి. ఇది నేను ఊహించి చెప్పిన మాట. ఊహ అన్నారు కాబట్టే నవ్వారు.

అమ్మ వచ్చింది అన్న మధ్యాహ్నం

నా ఉద్యోగం చివరి ఏడాదిలో మా చెల్లెలు సరోజ భర్తకు వేలూరులో మోకాలి ఆపరేషన్ జరిగింది. సరోజ గురించి ముందు చెప్పాలి. మా వీధి మగ్గాల మీద నేసిన లుంగీలకు ఆర్డర్లు తెచ్చేది ఆమే. చిత్తూరు నుంచి, ఇంకా కొన్ని ఊళ్ళ నుంచి బట్టల షాపులవాళ్ళు ఆమెకే చెబుతారు. ఆమె ఏ ఇంటికి ఏ రంగు, ఏ అంచు అని పంచుతుంది. కాగితం లేదు, కలం లేదు. అంతా ఫోనులోని మెసేజుల యాప్‌లోనే. ఆమెకు తెలుగు చదవడం రాదు. తమిళం చదువుతుంది కానీ, రాస్తే తప్పులు పోతాయని సిగ్గు. అందుకని ఎప్పుడూ నొక్కిపట్టి మాట్లాడి గొంతే పంపుతుంది. షాపులవాళ్ళు ఆ గొంతును నమ్మి సరుకు చెబుతారు. ఆ నమ్మకం పోతే సరోజ ఒక్కతే కాదు, చాలా మగ్గాలు ఆగుతాయి.

ఆ మధ్యాహ్నం నేను వేలూరు ఆఫీసులో ఉండగా చిత్తూరు షాపు నాగరాజు నాకు ఫోను చేశాడు. సరోజ వల్లే నాకు పరిచయం.

"వరదన్నా, మీ చెల్లెలు బాగుండాదా?"

"ఆస్పత్రి కాడ ఉండాది. మొగునికి ఆపరేషన్ జరగతా ఉండాది. ఏమప్పా?"

"ఆస్పత్రి ఖర్చుకంట, ఉన్నపళంగా అడ్వాన్సు పంపమని మెసేజు వచ్చినాది. కొత్త నంబరుకు పంపమంటాది."

"పంపినావా?"

"పంపేవాణ్ణే. కానీ అన్నా, టైపు కొట్టి పంపినాది! సరోజమ్మ ఇన్నేండ్లలో నాకు ఒక అక్షరం కొట్టిన మనిషి కాదు. ఆమె ఎట్లా మొదలుపెడతాదో నీకు తెల్దా? ఏమప్పా నాగరాజూ, బాగుండావా, పిల్లోళ్ళు బాగుండారా, చిన్నోడికి దగ్గు తగ్గినాదా అని. అదంతా అయితే గానీ సరుకు మాట ఎత్తదు. ఇందులో నా పిల్లోళ్ళే లేరు."

"పంపొద్దు. నీకు తెలిసిన షాపులోళ్ళకెల్లా చెప్పు, ఎవురూ పంపొద్దని" అని చెప్పి సరోజవాళ్ళు దిగిన లాడ్జికి పరిగెత్తాను. ఆఫీసుకు దగ్గరే.

సరోజ లాడ్జి ముందుగదిలో కూర్చుని ఉంది. ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ముఖం వెలిగిపోతూ ఉంది.

"అన్నా, ఆపరేషన్ బాగా జరగతాది. అమ్మ వచ్చినాది చూడు" అని ఫోను నా ముందు పెట్టింది. వైఫై దగ్గర గంగమ్మ అని ఉంది.

"ఇది గుడియాత్తంలో ఉండాల్సింది కదా సరోజా? వేలూరులో యాడనించి వచ్చినాది?"

"అమ్మ లేని చోటుందా అన్నా? ఆయన్ని ఆస్పత్రిలో లోపలికి తీసకపోయినారు, నన్ను లాడ్జిలో ఉండమన్నారు. నేను ఈడ కూర్చోని అమ్మను తల్చుకుంటా ఉండా. ఫోను తీస్తే అమ్మ పేరు పడినాది. కండ్లలో నీళ్ళు తిరిగినాయి."

"తర్వాత?"

"అమ్మవారి పటంతో ఒక పేజీ వచ్చినాది. ఫోను నంబరు అడిగినాది, ఏసినాను. ఆరు అంకెలు వచ్చినాయి, అవీ ఏసినాను. ఆ పైన ఎవురి మెసేజూ రాలేదు. ఆస్పత్రి వీధి కదా, సిగ్నలు లేదేమో అనుకోని ఊరకుండినా."

ఆ ఆరంకెలు వైఫైవి కావు. ఆమె మెసేజుల యాప్‌ను ఇంకో ఫోనులో తెరవడానికి వచ్చిన అంకెలు. ఎవరికీ చెప్పొద్దని ఆ ఎస్సెమ్మెస్సులోనే ఇంగ్లీషులో రాసి ఉంది. ఆమె ఇంగ్లీషు వదిలేసి అంకెలు చదువుకుంది. ఆమె చోట మీరున్నా, ఆస్పత్రిలో భర్తను బల్ల మీద పడుకోబెట్టి ఉంటే, అదే చేస్తారు.

వైఫై ఆపేశాను. ఆమె సిమ్ము డేటాతో, ఆమె నంబరుతోనే యాప్‌లోకి మళ్ళీ వెళ్ళాను. కొత్తగా ఆరంకెలు వచ్చాయి. వేయగానే యాప్ మా చేతికి వచ్చింది, ఆ మోసగాడి ఫోనులో మూతపడింది. వాడు ఇంకా దానికి రెండో తాళంగా సొంత పిన్ను పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే రోజుల తరబడి మేము బయటే ఉండాల్సి వచ్చేది. ఆ పిన్ను మేమే పెట్టాం. సైబర్ నేరాల నంబరుకు ఫిర్యాదు చెప్పాం. ఆ తరువాత సరోజ చేత ఒక్కొక్క షాపుకూ మామూలు ఫోను చేయించాను.

"నేనేనప్పా. గొంతు నాదే కదా? ఆ రాతలు నావి కావు" అని ప్రతివాడికీ చెప్పింది, పిల్లల క్షేమం అడిగిన తరువాతే.

ఒక షాపు అప్పటికే పంపేసింది. ఆయన సరోజను తప్పుపట్టలేదు, కానీ మళ్ళీ ఆర్డరు ఇవ్వలేదు. ఆ షాపుకు నేసే ఇంటివాళ్ళు కొన్నాళ్ళు పని లేక కూర్చున్నారు. మిగతా అందరూ నిలిచారు.

అంతా అయ్యాక నేను ఆమెకు జరిగింది వివరించాను. ఆమె ఏడవలేదు. ఫోనును ఒడిలో పెట్టుకుని, "అయితే అమ్మ రాలేదా అన్నా?" అంది.

అంతలో ఆపరేషన్ బాగా జరిగిందని ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. సరోజ లేచి, కొంగు సర్దుకుంటూ, "సరి, వైఫైలో రాలేదు. నాగరాజు తలకాయలో వచ్చినాది అమ్మ. లేకుంటే వానికి అనుమానం యాడనించి పుడతాది?" అంది. నేను కాదనలేదు. నా దగ్గర దానికంటే మంచి వివరణ ఇప్పటికీ లేదు.

ఆ దొంగ వైఫై లాడ్జిది కాదు. లాడ్జి వైఫై పేరు వేరే. నేను ఫోను పట్టుకుని తిరిగి చూస్తే మెట్ల దగ్గర బాగా అందింది, కాసేపటికి మాయమైంది. సంచిలో తెచ్చినవాడు సంచితో వెళ్ళిపోయాడు. అక్కడి కెమెరా గోడ వైపు తిరిగి ఉంది. వాడెవడో ఇప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. మా మండపంలో ఏదో పెళ్ళికి వచ్చి చెయ్యి కడుక్కున్నవాడైనా అయ్యుండాలి, కడుక్కున్నవాడిని అడిగి తెలుసుకున్నవాడైనా అయ్యుండాలి.

జనానికి మీరు చెప్పాల్సింది

పెట్టెలు బిగించడంతో మీ పని అయిపోదు. పక్కన నిలబడి చూసేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. ఇల్లు దాటేటప్పుడు చెప్పులు వేసుకున్నట్టే ఫోనులో వైఫై ఆపేయమనండి. లాడ్జిలోనో బస్టాండులోనో కావాలంటే, ముందు కౌంటరులోని మనిషిని పేరు అడిగి, ఆ పేరే నొక్కమనండి. వెళ్ళిపోయేటప్పుడు ఆ పేరును ఫోనులోంచి తీసేయమనండి. తనంతట తాను కలిసే ఏర్పాటు తీసేసి ఫోను వాళ్ళ చేతికి ఇవ్వండి.

వైఫై పేజీ ఎస్సెమ్మెస్సులో వచ్చిన అంకెలు అడిగితే ఆగమనండి. కొన్ని చోట్ల నిజమైన వైఫై కూడా అడుగుతుంది, అది నేను కాదనను. అప్పుడు ఆ ఎస్సెమ్మెస్సు ఎవరి దగ్గర్నుంచి, దేనికోసం వచ్చిందో పూర్తిగా చదివించుకోవాలి. చదివిపెట్టే మనిషి పక్కన లేకపోతే ఆ వైఫై వద్దు. బ్యాంకు పని ఉంటే సొంత డేటా వాడాలి. డేటా ఇప్పుడు టీ కంటే పెద్ద ఖర్చు కాదు.

పేజీ అడ్రసు పక్కన తాళం బొమ్మ కనిపిస్తే భయం లేదు కదా అని చదువుకున్న పిల్లలు నన్ను అడుగుతారు. ఆ బొమ్మ ఉంటే దారిలో ఎవడూ తొంగి చూడలేడు, నిజమే. కానీ మీరు వెళ్ళిన ఇల్లు దొంగదైతే, దారి ఎంత భద్రంగా ఉండి ఏం లాభం? వీపీఎన్ అని ఉచితంగా దొరికే రక్షణ యాప్‌లు వేసుకోవచ్చా అని కూడా అడుగుతారు. లాడ్జివాడిని నమ్మలేక, ముఖం తెలియని ఇంకొకడి చేతిలో ఫోను పెట్టడమే అది. నా అభిప్రాయం ఇది. కాదనేవాళ్ళు నాతో వాదించవచ్చు, నాకు ఖాళీయే.

అంతా చెప్పాక వాళ్ళు తల ఊపుతారు. మళ్ళీ చెప్పండి.

మునిరత్నం మామకు

సరోజను వెంటబెట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. సరోజకు కాఫీ తెప్పించాడు. నాకు తెప్పించలేదు.

మా వీధిలో మార్పు వచ్చింది. రిటైరైన వెంటనే ఇంటింటికీ నేనే వెళ్ళి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టాను. పాత పేరును ఫోన్లలోంచి తీసేశాను. కొంతమంది ఆడవాళ్ళు, "కొత్త పాస్‌వర్డు చుట్టానికి మేమే ముందుగా చెప్పేస్తాం అన్నా, అడిగేదాకా ఉంచం" అన్నారు. మర్యాదా పోలేదు, ఫోనూ పోదు. ఆ వారమంతా నేను తిన్న బజ్జీలకు లెక్క లేదు. రిటైరయ్యాక ఇంత తృప్తి దొరుకుతుందని నేను అనుకోలేదు.

మిగిలింది మండపం. నీలం రంగు రాత అక్కడే ఉంది. ప్రతి ముహూర్తానికీ కొత్త ఫోన్లు వందల్లో ఆ గోడ చూసి గంగమ్మను గుర్తుపెట్టుకుని వెళుతున్నాయి. నేను ఒక వీధిని బాగుచేస్తే, ఆ గోడ నాలుగు ఊళ్ళను పాడుచేస్తోంది.

"అమ్మ పేరు చెరిపితే అపచారం కదరా" అన్నాడు మామ.

"పేరు ఉండనీ మామా. పసుపు పూసి పూలు పెట్టు. కింద ఉండే పాస్‌వర్డు చెరుపు, పెట్టెలో దాన్ని మార్చు."

"కమిటీలో పెడతా."

ఆయన ఆ మాట అన్న తరువాత ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో వీధిలో అందరికీ తెలుసు. రెండు ఉత్తరాలు రాసి చేతికిచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. దారిలో కనిపిస్తే, వర్షం గురించి మాట్లాడతాడు.

మామా, దీన్ని ఎవరో ఒకరు మీకు చదివి వినిపిస్తారు. మధ్యలో లేచి వెళ్ళకండి. సున్నం నేను తెస్తాను, కుంచె నేను తెస్తాను, నిచ్చెనెక్కేదీ నేనే. మండపం పెట్టెలో పాస్‌వర్డు మార్చడానికి కూలీ అడగను. కమిటీ చూస్తుంది అనేది జవాబు కాదు, చూద్దాంలే అనేదీ జవాబు కాదు. వచ్చే ముహూర్తానికి ముందు, మండపం గేటు దగ్గర నిలబడి, నలుగురి ఎదుట చెప్పండి. ఆ గోడ చెరపనిస్తారా, లేదా?